వడ్రంగి వచ్చేలోగా

ముందు ఎండు పుల్లలు, తర్వాత ఒకదాన్నొకటి ఒరుసుకునేవి, ఆఖరున ఒళ్ళు తెలియకుండా ఎగబాకేవి. వరస తప్పకూడదు. కోడలు నిచ్చెన మీద నిలబడి, తల సగం ఆకుల్లోకి దూర్చి, ఆ వరసని లోలోపల వల్లించుకుంటోంది, చిన్నప్పుడు ఎక్కాలు వల్లించినట్టు, తప్పుపోతే కిందనుంచి మొట్టికాయ పడుతుందేమో అన్నట్టు. కింద వసారాలో పేము కుర్చీలో అత్తగారు. ఇన్నేళ్ళూ నిచ్చెన మీద అత్తగారూ, కింద నిచ్చెన పట్టుకుని కోడలూ, ఇవాళే తిరగబడింది. చేతులు వణుకుతున్నాయని అత్తగారు ఎవరితోనూ అనలేదు, కాఫీ సగం గ్లాసే పొయ్యమంటున్నారు, అంతే. పొద్దున నూనెగుడ్డలో చుట్టిన కత్తెర తెచ్చి కోడలి చేతిలో పెట్టినప్పుడూ ఆ మాట అనలేదు. "వాడన్నది విన్నావుగా," అన్నారు. వాడు అంటే కొడుకు. కొడుకు పనికి వెళ్తూ గుమ్మంలో చెప్పులేసుకుంటూ అన్నాడు: "ఈ తీగ బరువుకే వసారా ఒరిగిపోతోందమ్మా. నువ్వు చూస్తే రోజంతా దాని కిందే కూర్చుంటావు. నెత్తిన పడ్డాక ఏడ్చి లాభం లేదు. సాయంత్రం వడ్రంగిని రమ్మన్నాను. ఆయన తీసెయ్యమంటే మొదలంటా తీసేద్దాం." అత్తగారు గేటు మూసిన చప్పుడు అయ్యాకే అన్నారు, "బరువేగా వాడి బెంగ. వడ్రంగి వచ్చేలోగా బరువు దింపేద్దాం. నువ్వు ఇవాళ ఆస్పత్రికి సెలవు పెట్టు."

సెలవు పెట్టింది. ఎందుకు పెట్టిందో ఇప్పుడు ఆకుల మధ్య నిలబడి ఆలోచిస్తే తెలియడం లేదు. తీగ ఉండాలనా, అత్తగారి మాట కాదనలేకనా, లేక ఆ కత్తెర చేతికొచ్చినందుకా. బయటనుంచి చూస్తే ఈ రాధామనోహరం తీగ అంతా ఒకటే పచ్చటి కొండ, గేటులోంచి వచ్చేవాళ్ళకి వసారా స్తంభం కనపడదు, దూలం కనపడదు, పైన రేకులు ఎక్కడున్నాయో వానపడితే చప్పుడుని బట్టి తెలుసుకోవాలి. లోపలికి తల దూరిస్తే వేరే లోకం. వెలుతురు సన్నగా, చల్లగా, నీళ్ళలో మునిగి కళ్ళు తెరిచినట్టుంది. ఎన్నేళ్ళ ఎండుటాకులో దొంతరలు దొంతరలు, ఒక పాత పిట్టగూడు, అందులో ఎవరిదో తెల్ల ఉన్నిపోగు. ఆమె కత్తెర మూసి ఒక తీగని వేళ్ళతో తడిమింది. ముళ్ళున్నాయి. ఈ తీగకి ముళ్ళెక్కడివి, ఆకులు మెత్తన, పూలు మెత్తన అనుకుంది. కళ్ళు దగ్గరగా పెట్టి చూస్తే అవి ముళ్ళు కావు, ఆకు కాడలు. ఆకు ఎప్పుడో రాలిపోయింది, కాడ రాలలేదు. ఎండి, గట్టిపడి, కొక్కెంలా వంగి, పక్క తీగని పట్టుకుంది. రాలిపోయిన ప్రతి ఆకూ వెళ్తూ వెళ్తూ ఒక మెట్టు వదిలి వెళ్ళింది, దాని మీద కాలుపెట్టి తీగ పైకెక్కింది. ఆ సంగతి ఎవరు నేర్పారు దీనికి? ఆమెకి చెయ్యి వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. ఒక్కొక్క కొక్కేన్నీ తడుముతూ పోయింది, ఒకటి, దాని పక్కన ఇంకొకటి, ఎక్కడా వరస తప్పలేదు.

"నిద్రపోయావా పైన?"

"లేదత్తయ్యా. చూస్తున్నా."

"చూడ్డానికి కాదు ఎక్కింది."

కత్తెర టక్కుమంది. ఎండుపుల్ల రాలింది. కణుపుకి కాస్త పైన, ఏటవాలుగా, నీళ్ళు నిలవకుండా. ఈ కోత ఆమెకి కొత్తకాదు, కిందనుంచి చూసి చూసి కళ్ళకి అలవాటే, చేతికే కొత్త. మొట్టమొదట చూసింది కాపురానికొచ్చిన కొత్తలో. ఆ ఇంట్లో మొదటి సాయంత్రం పెట్టెలు కూడా విప్పకుండా మంచం అంచున కూర్చుంటే కిటికీలోంచి ఒక వాసన వచ్చింది, ఎవరో తలుపు తీసి నెమ్మదిగా లోపలికి వచ్చి పక్కన కూర్చున్నట్టు. పొద్దున లేచి బయటికొస్తే తెల్లవీ గులాబీవీ ఎర్రవీ గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. మూడు రకాల తీగలు కలిపి పెట్టారా అని అడిగింది. అత్తగారు నవ్వలేదు కానీ నవ్వినంత పని చేశారు. "ఒకటే పువ్వు. సాయంత్రం తెల్లగా పుడుతుంది, మర్నాటికి సిగ్గుపడుతుంది, ఆ మర్నాటికి ముదురుతుంది. ఒకే గుత్తిలో పిల్లా, తల్లీ, నాయనమ్మా." ఆ మాటకి ఎంత మురిసిపోయిందో, పూలు వెనకబడ్డాక ఆవిడే నిచ్చెన వేసుకుని ఎక్కి దాన్ని గొరిగేస్తుంటే అంత హడలిపోయింది. పచ్చటి తీగలు బారెడు బారెడు కిందపడ్డాయి. సాయంత్రానికి వసారా మీద నాలుగు మోళ్ళు మిగిలాయి. ఇంత పచ్చనిదాన్ని జాలి లేకుండా ఇలా చేసిన మనిషి రేపు నన్నేం చేస్తుందో అని ఆ రాత్రంతా కొత్త కోడలికి కంటిమీద కునుకు లేదు. కొన్నాళ్ళకి మోళ్ళ మీద ఎర్రటి మొటిమల్లాంటివి లేచాయి. అవి విచ్చుకుని, సాగి, కళ్ళు మూసి తెరిచేలోగా కిటికీ ఎక్కి, మేడమీద బాల్కనీ కమ్మీలు అందుకుని, ముందటేడు కంటే రెండింతలు పూశాయి. పాత కొమ్మకి పూత రాదట, కొత్త చిగురుకే వస్తుందట. అప్పుడు భయం పోయి ఇంకేదో వచ్చింది, దానికి ఇప్పటికీ పేరు తెలియదు.

అత్తా కోడళ్ళ మధ్య కూడా కోతలు లేకపోలేదు. పెద్ద గొడవలు కావు, ఉప్పు దగ్గర, తలుపు గడియ దగ్గర, ఆస్పత్రినుంచి ఆలస్యంగా వచ్చిన రోజుల్లో గిన్నెలు కాస్త గట్టిగా పెట్టిన చప్పుళ్ళ దగ్గర. వీధిలో ఆమెకి 'ఎక్స్‌రే కోడలు' అని పేరు పెట్టింది అత్తగారే. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం ఆమెది. "మా ఎక్స్‌రే కోడలికి మనిషి కనపడడు, ఎముకలే కనపడతాయి," అనేవారు పక్కింటావిడతో, ఆమెకి వినపడేలా. అది నిజమే కాస్త. చీకటి గదిలో వెలిగే పలక మీద మనుషుల్ని లోపల్నుంచి చూడటం అలవాటయ్యాక బయటి ముఖాలు త్వరగా మరిచిపోతుంది. ఊపిరి పీల్చండి, బిగపట్టండి, కదలకండి, ఇక వదలండి. రోజంతా అదే పాట. అయినా విసుగు రాలేదు. పసిపిల్ల చెయ్యి ఫిల్ములో చూస్తే వేళ్ళ ఎముకలు ఒకదానికొకటి అంటుకుని ఉండవు, చీకట్లో విడివిడిగా తేలుతుంటాయి, మధ్య ఖాళీలు ఇంకా నిండాలి. అలాంటిది చూసిన రోజు బస్సులో ఇంటికొస్తూ పక్కన కూర్చున్నవాళ్ళ చేతులన్నీ కొత్తగా కనపడతాయి. ఈ మాట ఎవరితో అనగలదు. ఒకసారి మామగారితో అంది. ఆయన తన చెయ్యి ఎత్తి వెలుతురుకి అడ్డం పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసుకుని, "నా దాంట్లో మేకులుంటాయేమో చూడమ్మా," అన్నారు.

మేకులంటే మేకులే. ఆయన జన్మంతా సరుకు పంపే చెక్కపెట్టెలు బిగించే పని. ఈ వసారా ఆయన కట్టిందే, పనికిరావని పక్కన పారేసిన పెట్టెచెక్కలూ దుంగలూ ఒక్కొక్కటే తెచ్చి, సెలవు రోజుల్లో. దూలానికి ఒక పక్క 'ఈ వైపు పైకి' అని నల్లటి అచ్చు అక్షరాలుండేవి, తలకిందులుగా. ఆయన పొద్దుటి ఎండలో కూర్చుందామని వసారా కట్టుకుంటే ఆవిడ నీడకోసం తీగ పెట్టారు. పాలడబ్బాలో పెంచిన పిలక. దానిమీద ఇద్దరూ ఎన్నేళ్ళు పోట్లాడుకున్నారో. "నా వసారాని మింగేస్తోంది నీ తీగ," అని ఆయన, "మింగనీండి, మీ మేకులు కనపడకుండా పోతాయి," అని ఆవిడ. ఆయన పోయాక అత్తగారు కుర్చీని హాల్లోంచి వసారాలోకి మార్చుకున్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు. కొడుకు మాత్రం రోజూ ఆఫీసుకెళ్తూ తల ఎత్తి రేకులవైపు చూడటం మొదలుపెట్టాడు. అతని భయమూ అబద్ధం కాదు. ఒక రేకు అంచు లేచిపోయింది, గట్టి గాలికి దూలం మూలుగుతుంది.

మధ్యాహ్నం వాలేసరికి కింద గచ్చు మీద కోసిన తీగల కుప్ప మోకాలెత్తు అయ్యింది. ఆమె జుట్టునిండా దుమ్ము, ముంజేతులమీద గీరలు. ఆకులు పలచబడ్డాక వెనక దాగినవి ఒక్కొక్కటే బయటపడ్డాయి, ముంజేయంత లావు కాండాలు, ముడతలు పడి, మెలితిరిగి. అందులో ఒకటి బూడిదరంగులో, బెరడు పేలిపోయి, ఆకన్నది లేకుండా దూలం వెనకనుంచి పైకి పోతోంది.

"అది చచ్చిపోయింది," అత్తగారు కర్ర ఎత్తి చూపించారు. "రంపం పెట్టు. అదొక్కటి దిగితే సగం బరువు దిగినట్టే."

గోరుతో గీకి చూడాలి, లోపల పచ్చ ఉందో లేదో. ఆ పాఠం కూడా అత్తగారు చెప్పిందే. కానీ చెప్పినావిడే చచ్చిందంటుంటే గీకేదేముంది. చిన్న రంపం అందుకుంది. పొట్టు రాలింది. సగం దాకా పొడిగానే తెగింది, తర్వాత రంపం తడితడిగా ఆడింది, పొట్టు ముద్దకట్టింది, ఆమె చూస్తోంది కానీ చెయ్యి ఊపు మీదుంది, ఇదేమిటి తడి అనుకునేలోగా కాండం దానంతట అదే ఫట్‌మని విడిపోయింది. తెగిన రెండు కొసలూ ఒకదాన్నొకటి వదిలి జానెడు దూరం ఎగిరాయి. బిగించి కట్టిన తాడు తెగితే ఎగిరినట్టు. లోపల పచ్చగా ఉంది. పై కొసనుంచి నీళ్ళు కారుతున్నాయి. అప్పుడు దూలం మూలిగింది. ఆమె కాళ్ళకింద నిచ్చెన అదిరింది, దాన్ని ఆనించిన దూలం ఒక వేలెడు కిందికి దిగింది. పైన రేకులన్నీ ఒక్కసారి పళ్ళు నూరాయి. దుమ్ము సన్నగా రాలింది, అత్తగారి తెల్లజుట్టు మీద, ఒళ్ళో పెట్టుకున్న చేతుల మీద.

"ఊపిరి బిగపట్టండి, కదలకండి," అంది ఆమె. ఏమంటోందో ఆమెకి తెలియలేదు, నోటికి వచ్చిన మాట అదొక్కటే. కింద ముసలావిడ నిజంగానే ఊపిరి బిగపట్టి తల పైకెత్తి చూస్తున్నారు. ఎంతసేపు అలా ఉన్నారో. వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. దూలం ఇక దిగలేదు. ఎక్కడో పైన తీగలు కిర్రుకిర్రుమని సర్దుకుంటున్నాయి, బరువు భుజం మార్చుకుంటున్న మనుషుల్లా, ఒకటి, ఇంకొకటి, ఆ తర్వాత నిశ్శబ్దం. ఆమె ఒక్కొక్క మెట్టూ పాదంతో వెతుక్కుంటూ దిగింది. అత్తగారి చంకల కింద చేతులేసి లేపింది. ఆవిడ ఇంత తేలికా? ఇన్నాళ్ళూ ఈ మనిషినేనా బరువనుకుంది. ఇద్దరూ వాకిట్లోకి, ఎండలోకి వచ్చి నిలబడ్డారు. ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు.

"చావలేదది," అన్నారు అత్తగారు.

"పచ్చగా ఉందత్తయ్యా లోపల."

"మరి గుంజ ఉండగా దూలం ఎందుకు దిగింది? గుంజ మొదట్లో చూడు."

గుంజ అంటే వసారా ముందు స్తంభం. ఆమె పక్కనుంచి వెళ్ళి గొంతుక్కూర్చుని, మొదట్లో గుబురుగా లేచిన పిలకల్ని చేత్తో పక్కకి తోసి, ఎండుటాకులూ మట్టీ గీకింది. మట్టి అనుకున్నది మట్టి కాదు, చెదపుట్ట, అదీ ఎప్పటిదో, పొడిపొడిగా రాలిపోయింది. రాలిపోతే దాని కింద రాయి కనపడింది. రాతిమీద స్తంభం లేదు. ఆమె అరచెయ్యి చాపి ఆ ఖాళీలోకి పోనిచ్చింది. చెయ్యి అటునుంచి ఇటు వచ్చింది. స్తంభం నేలకి తగలడం లేదు. గాలిలో వేలాడుతోంది. వేలితో నొక్కితే పైన రంగు ఉంది, లోపల ఏమీ లేదు, రంగేసిన అట్టముక్క. అలా కూర్చునే, చెయ్యి ఇంకా ఆ ఖాళీలోనే ఉంచి, కళ్ళు పైకి తీసుకెళ్ళింది. నేలలోంచి మూడు కాండాలు లేచాయి. స్తంభం చుట్టూ తిరుగుతూ తిరుగుతూ ఒకదాన్నొకటి మెలిపెట్టుకుని పైకి పోయాయి. దూలం దగ్గర విడిపోయాయి. వెనకదాన్నే ఇందాక ఆమె కోసింది. మిగిలిన రెండూ ఒకటి అటునుంచి, ఒకటి ఇటునుంచి దూలం కిందికి దూరి, ఉయ్యాల్లో పిల్లని ఎత్తుకున్నట్టు దాన్ని ఎత్తుకుని, మళ్ళీ పైన కలుసుకున్నాయి. కలుసుకుని అక్కడా ఆగలేదు. మేడమీదికి, బాల్కనీ ఇనుప కమ్మీల్లోకి పోయి, కమ్మీని చుట్టి, చుట్టిన చోట లావెక్కి ఇనుముని లోపలికి మింగేశాయి. ఎక్కడ ఇనుము ఆగిందో ఎక్కడ తీగ మొదలైందో తెలియడం లేదు. వసారా నేలమీద నిలబడి లేదు. మేడకి వేలాడుతోంది.

ఎప్పట్నుంచి? చెద ఏ ఏడు పట్టిందో, మొదటి పిడికెడు పొడి ఏ రోజు రాలిందో, ఆ రోజు ఎవరి భుజం మీద ఏ కాస్త బరువు కొత్తగా పడిందో. ఆస్పత్రికి ఒకసారి మూటలు మోసే ముసలాయన వచ్చాడు, నడుం వంగడం లేదని. ఫిల్ము వెలుగులో పెడితే వెన్నులో రెండు పూసల మధ్య అరిగిపోయినచోట ఎముకే ముక్కులా సాగి, కిందిదాన్ని అందుకుని, వంతెన కట్టుకుని ఉంది. ఎవరూ కట్టమనలేదు. ఆయనకి తెలియదు కూడా, "మొన్నటిదాకా మూటలు మోశానమ్మా," అన్నాడు. ఆ రోజు ఆమె తర్వాతి మనిషిని పిలవడం మరిచిపోయి ఆ పలక ముందే నిలబడిపోయింది. ఇప్పుడూ అంతే. ఏటేటా పూలకోసమని కోశారు, నీడకోసమని ఉంచారు, వాసన బాగుందన్నారు, పురుగులొస్తున్నాయన్నారు, బరువన్నారు. ఎవరే మాట అంటున్నా ఇది లోపల తన పని తాను చేసుకుపోయింది. వాళ్ళు దాని కింద కూర్చుని టీలు తాగారు, అలిగారు, పేపరు చదివారు. మామగారు పోయిన రోజు వచ్చినవాళ్ళంతా దాని కిందే నిలబడ్డారు, చెప్పులన్నీ దాని కిందే విప్పారు. చప్పుడు లేకుండా, ఒక్కసారి కూడా వదలకుండా.  భయం ఎప్పుడో పోయింది. చిన్నప్పుడు మొదటిసారి చీకట్లో ఆరుబయట వెల్లకిలా పడుకున్నప్పుడు కలిగినట్టు ఉంది, అన్ని చుక్కలూ తనకంటే ముందునుంచీ అక్కడే ఉన్నాయని తెలిసినప్పటిలా.

గేటు చప్పుడైంది. వడ్రంగి సంచీ భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు, చెవిమీద పెన్సిలు, నోట్లో వక్కో ఏదో నములుతూ. "తీసెయ్యాల్సిన తీగ ఇదేనామ్మా?" అన్నాడు.  ఆమె స్తంభం మొదలు చూపించింది. అతను వంగి స్క్రూడ్రైవరు పెట్టి నొక్కితే పిడిదాకా దిగిపోయింది. పీకితే గోధుమరంగు పొడి ధారగా కారింది. అతను నమలడం ఆపాడు. ఆ స్తంభం వదిలి రెండోదాని దగ్గరికి వెళ్ళాడు, అక్కడా అంతే. వెనక్కి నడుచుకుంటూ వాకిట్లోకి వచ్చి, తల ఎత్తి, ఆమె కళ్ళు ఏ దారిన పోయాయో అదే దారిన తన కళ్ళు తీసుకెళ్ళాడు, స్తంభం, దూలం, మేడ, కమ్మీ. సంచీ నెమ్మదిగా కింద పెట్టాడు.

"ఎవరు కట్టించారమ్మా దీన్ని ఇలా?"

"ఎవరూ కట్టలేదు," అంది ఆమె.

"ఎవరూ కట్టకుండా ఇంత లెక్కగా..." అని మళ్ళీ కమ్మీలవైపు చూశాడు. "నేను చూడకుండా మీరు ఈ తీగ నరికించి ఉంటే నరికినవాడిమీదే పడేది పెద్దమ్మగారూ."

అత్తగారు అతనివైపు చూడలేదు. ఏ ప్రశ్నకైనా ఎదుటివాళ్ళ నోట్లో ఉండగానే జవాబు చెప్పే మనిషి, ఎండలో కర్రమీద రెండు చేతులూ పెట్టి నిలబడి ఆ దూలాన్నే చూస్తున్నారు. ఆకులు పోయాక నల్లటి అచ్చు అక్షరాలు కనపడుతున్నాయి, సగం చెరిగి, తలకిందులుగా. "అయితే ఆయన కట్టింది ఎప్పుడో పోయిందన్నమాట," అన్నారు. ఎవరితో అంటున్నారో తెలియలేదు. తర్వాత ఇంకా నెమ్మదిగా, "నాకు తెలీదే," అన్నారు. కోడలు ఆ గొంతులోంచి ఆ రెండు మాటలూ ఎప్పుడూ వినలేదు. ఓదార్చాలా, నవ్వాలా, తలవంచుకోవాలా తెలియలేదు. ఆవిడ భుజంమీద రాలిన దుమ్ము దులిపింది, అంతే. ఆవిడ దులపనిచ్చారు.

వడ్రంగి ఎక్కడికో ఫోను చేశాడు. ఇంకో మనిషి బండిమీద ఇనుప గొట్టాలు తెచ్చాడు. ఇద్దరూ కలిసి దూలం కింద వాటిని నిలబెట్టి, మరలు తిప్పి, దిగిన వేలెడూ మళ్ళీ పైకి ఎత్తారు. ఎత్తుతున్నంతసేపూ వడ్రంగి ఆ తీగకి చెయ్యి ఆనించి ఉంచాడు, నాడి చూస్తున్నవాడిలా. "ఇక మోసే పని లేదు దీనికి," అన్నాడు ఆఖరున. "వారంలో కొత్త గుంజలు వేస్తాను. కానీ దీన్ని విప్పడం నా వల్ల కాదు. విప్పను కూడా."

పొద్దు గుంకుతుండగా కొడుకు వచ్చాడు. గేటు దగ్గరే ఆగిపోయాడు. వాకిలంతా కోసిన తీగలు, వసారాలో ఇనుప గొట్టాలు, దుమ్ముకొట్టుకుపోయిన భార్య, ఎన్నడూ లేంది కుర్చీ వదిలి వాకిట్లో నిలబడ్డ తల్లి. "ఏమైంది? దెబ్బలేమైనా తగిలాయా? నేను చెప్తూనే ఉన్నాను కదమ్మా ఈ తీగ సంగతి..."

ఆమె చెప్పబోయింది. ఎక్కడ మొదలుపెట్టాలి? స్తంభం దగ్గరా, రంపం దగ్గరా, పాలడబ్బా దగ్గరా?  మిగిలిన కొమ్మల కొసల్లో మొగ్గలు అప్పుడే విచ్చుకుంటున్నాయి, ఒక్కొక్కటే, చప్పుడు లేకుండా, తెల్లగా. వాసన మెల్లగా కిందికి దిగుతోంది.

అత్తగారు కర్ర ఎత్తి కొడుకు మాటకి అడ్డం పెట్టారు.

"ముందు తల పైకెత్తు నాన్నా," అన్నారు. "తర్వాత మాట్లాడదువు గాని."